రెండో ఫిల్ము

రత్తయ్య చేతిలో అప్పటికున్నవి రెండు స్కానింగు ఫిల్ములు, మాట తడబడుతున్న భార్య.

జగ్గయ్యపేటలో మిరప కొట్టు ఆయనది. బస్తా మూతి విప్పి గుప్పెడు కాయలు చూస్తే చాలు, అడుగున ఏముందో చెప్పేస్తాడు. భార్య భారతీదేవి తలలో గడ్డ ఎలాంటిదో మాత్రం ఎవరూ తేల్చి చెప్పలేకపోయారు. హైదరాబాదులో ఆపరేషను చేసి పరీక్షకి గడ్డలో ముక్క తీశారు.

“నెలలా, ఏళ్లా? అది చెప్పండి చాలు,” అన్నాడు రత్తయ్య.

“ఫొటోలో చెడ్డ రకంలాగే ఉందండి. ముక్కలో జన్యువులు చూస్తేగానీ ఖాయంగా చెప్పలేం,” అన్నాడు డాక్టరు. “కొన్ని ఆసుపత్రులవాళ్లం కలిసి అదే పరిశోధన చేస్తున్నాం. ఒప్పుకుంటే మీ ఆవిడదీ చేరుస్తాం. మీ వైపు నుంచే ఒకావిడ వస్తుంది, మాట్లాడండి.”

మార్చి ఎండలో నందిగామ బస్సు దిగి వచ్చిందామె. ముప్పై అయిదేళ్లుంటాయి. తలకు గుడ్డ చుట్టుకుంది. గుమ్మం పట్టుకుని మెట్టెక్కింది.

“నా పేరు జయమణండీ, బాబాయిగారూ. పిన్నిగారి ఫిల్ములు... కాపీ తీసి... ఆ... తిరిగిచ్చేస్తానండి. సంతకం పిన్నిగారే పెట్టాలి.”

ఆ తడబాటు రత్తయ్య చెవిన పడింది. సరుకు గురించి చెప్పేవాడి నాలుక తడబడిందంటే సరుకులో తేడా ఉన్నట్టే. ఇన్నేళ్ల వ్యాపారంలో ఆయన లెక్క అది.

“ముక్క మాది, ఫొటో మాది. ఇందులో నీకేంటమ్మా మిగిలేది?”

“నాకా? ఏమీ లేదండి,” అని నవ్విందామె. పై పన్ను మీద ఉక్కు తొడుగు తళుక్కుమంది.

లాభం వద్దన్న మనిషిని రత్తయ్య ఏనాడూ నమ్మలేదు.

“మరి ఈ ఎండలో ఊళ్లు తిరగడం ఎందుకు, సరదాకా?”

“మీరు కాయ రంగు చూసి కారం చెప్తారంట కదండీ. ముందు బోలెడు కాయలు కొరికితేనే కదా అది తెలిసింది? ఇదీ అంతేనండి. ఏ ఫొటోకి లోపల ఏ జన్యువో జత కలుపుకుంటూ పోతే, వెనకొచ్చేవాళ్లకి దారి తెలుస్తుంది.”

కొట్టు వెనకే ఇల్లు. మాటలు విని భారతీదేవి తలుపు దగ్గరికొచ్చింది.

“ఎండన పడొచ్చింది. ఆ అమ్మాయికి... తాళంచెవి ఇవ్వండి.”

రత్తయ్య తల దించుకున్నాడు.

జయమణి నవ్వలేదు. “మజ్జిగే కదా పిన్నీ? ఇవ్వండి, తాగుతా.”

భారతీదేవి మొహం విప్పారింది.

“నీకెలా తెలిసింది?” అన్నాడు రత్తయ్య.

“అలవాటండి.”

జయమణి గ్లాసెడు మజ్జిగ తాగింది. భారతీదేవి సంతకం పెట్టి, “రెండూ ఇచ్చెయ్యండి,” అంది మొగుడితో.

రత్తయ్య ఒకటే ఇచ్చాడు. సూదిమందు ఎక్కించి తీసిన రెండోది, గడ్డ బాగా తేలిన ఫిల్ము, బీరువాలోనే ఉంచాడు. బేరం తెగకముందే సరుకంతా ఎదుటివాడి చేతిలో పెట్టడం ఆ కొట్టులో లేదు.

వారాలు గడిచాయి. ఆసుపత్రి నుంచి కబురు లేదు. ఒకరోజు పొద్దున భారతీదేవి కూతుర్ని పిలవబోయి, పేరు దొరక్క ఏడ్చింది. రత్తయ్య ఫోను దగ్గరికి పరిగెత్తాడు.

“ముక్క పరీక్ష అయిందండి. జత చూడ్డానికి రెండో ఫిల్ము కావాలి. అదెక్కడ?” అన్నాడు డాక్టరు.

“ఆవిడ అడగలేదండీ!” అనేశాడు రత్తయ్య. నేనే తెస్తానని మాత్రం అనలేదు.

మళ్లీ జయమణే వచ్చింది. మే నెల. ఈసారి చేతికర్ర ఉంది.

“గట్టివారే బాబాయిగారూ! మచ్చు చూపించి బస్తా దాచారు.”

రత్తయ్య బీరువా తీసి ఫిల్ము ఆమె చేతిలో పెట్టాడు.

“మజ్జిగ తాగి పో,” అంది భారతీదేవి, ఒక్కో మాటా ఏరుకుంటూ.

“బస్సెళ్లిపోతుంది పిన్నీ. మళ్లీ వచ్చినప్పుడు తాగుతా.”

జూలైలో డాక్టరు రత్తయ్యని గదిలోకి పిలిచి, రెండు ఫిల్ములు దీపపు పలక మీద పక్కపక్కన పెట్టాడు.

“ఇది మీ ఆవిడది. ఇది ఇంకొకరిది. చూపుకి రెండూ చెడ్డ రకమే. జన్యువు చూస్తే రెండూ నెమ్మది రకం. మా ఆసుపత్రులన్నిట్లో వెతికితే ఇంత దగ్గర జత ఇదొక్కటే. ఆవిడకి పనిచేసిన వైద్యమే మీ ఆవిడకీ మొదలెడదాం. పూచీ ఇవ్వలేను గానీ, నెలలు కాదండి, ఏళ్లే అనుకుంటున్నా.”

రత్తయ్య కుర్చీ అంచు పట్టుకున్నాడు. “ఆవిడ బాగున్నారా?”

“ఏడేళ్లు బాగున్నారు. తర్వాత తిరగబెట్టింది. ఆఖరి రోజుల్లోనూ ఎండనక తిరిగారు. పోయిన నెల పోయారండి. పేరు మాత్రం చెప్పకూడదు.”

రత్తయ్య ఆ ఫిల్ము మీద నుంచి చూపు తిప్పలేదు. మచ్చు చూసే కళ్లవి.

“ఈ కింద నల్లగా పడిందేంటండీ? అదీ రోగమేనా?”

“కాదండి. పై పన్నుకి ఉక్కు తొడుగుంటే అలా పడుతుంది.”

బయట బల్ల మీద భారతీదేవి ఎదురుచూస్తోంది.

“ఏమన్నారండీ?”

“ఏళ్లే అన్నారు.”

ఆమె కళ్లు తుడుచుకుంది. “ఆ జయమణికి చెప్పాలి. ఈసారి వస్తే... అన్నం పెట్టిగానీ పంపొద్దు.”

తన తలనే మచ్చుగా ఇచ్చి తమకి ఏళ్లు మిగిల్చిన ఆ మనిషి, బదులుగా తమ ఇంట్లో పుచ్చుకున్నది ఒక్క గ్లాసు మజ్జిగేనని భార్యకి ఎలా చెప్పాలో తెలియక రత్తయ్య ఆమె పక్కన కూర్చుండిపోయాడు.