రేడియోలో అమ్మాయి

ఇస్త్రీ చీర కట్టుకుని, కొంగు నడుముకు దోపుకుని, ఆమె ముసలావిడకు జావ తాగిస్తోంది. సాయంత్రం పాటల బృందంలోకి గొంతు పరీక్ష. పిల్లల చదువులని ఒకసారి, భర్త ఆపరేషనని ఇంకోసారి మానుకుంది. యాభై దాటినవాళ్లను తీసుకోరు. వచ్చే నెలతో ఆమెకు యాభై నిండుతాయి.

ఇవాళ పెందలాడే వచ్చి ముసలావిడ దగ్గర కూర్చుంటానని భర్త మాటిచ్చాడు.

మూలన రేడియో పాడుతోంది. అది పాడితేనే ముసలావిడ నోరు తెరుస్తుంది. అందులో ఏ ఆడగొంతు వినిపించినా ఒకటే మాట.

"విన్నావా? మా అమ్మాయి!"

"బాగా పాడుతోంది. నోరు తెరువు."

"పాడదూ మరి! నేను ఒక్కనాడూ అడ్డు చెప్పలేదు. నీలాగా వంటింట్లో మగ్గనివ్వలేదు."

ఆమె పళ్లు బిగబట్టింది. కాదని చెప్పే ఓపిక ఆ ఇంట్లో ఎవరికీ లేదు. కాదంటే ముసలావిడ గిన్నె విసిరికొడుతుంది.

ఫోను మోగింది. భర్త.

"ఇవాళ కుదరదు. పనుంది."

"మాటిచ్చారు కదండీ!"

"ఇస్తే? ముసలావిణ్ణి ఒంటరిగా వదిలేసి పోతావా ఏంటి? మళ్లీసారి చూద్దాంలే. పాటెక్కడికి పారిపోతుంది!"

ఆమె ఫోను పెట్టేసింది. అంతలో కరెంటు పోయింది. రేడియో నోరు మూసుకుంది. ముసలావిడా మూసుకుంది.

చెంచా పెదవులకు ఆనిస్తే జావ గడ్డం మీదికి కారింది.

"మా అమ్మాయేది?" ముసలావిడ చిన్నపిల్లలా ఏడుపు లంకించుకుంది.

ఆమె వీధి తలుపు వైపు ఒకసారి చూసింది. గొంతు సవరించుకుంది. ఎవరికీ వినపడకుండా స్నానాల గదిలో కుళాయి తిప్పి మరీ సాధన చేసిన పాట అందుకుంది. గొంతు మొదట వణికింది. తర్వాత నిలబడింది. గదంతా నిండింది.

ముసలావిడ ఏడుపు ఆపింది. చెవి ఒగ్గి వింది. మొహం చిట్లించింది.

"ఆపవే తల్లీ! మా అమ్మాయి గొంతెక్కడ, నీ గొంతెక్కడ! పాటలూ గీటలూ నీకెందుకే? పొయ్యి సంగతి చూసుకో."

ఆ మాట ఆమెకు కొత్త కాదు. పెళ్లికి ముందు నుంచీ వింటున్నదే.

పాట మధ్యలో తెగింది. కొంగుతోనే ఆవిడ గడ్డం తుడిచింది. ఇస్త్రీ చీరకు మరక అంటింది.

చల్లారిపోయిన జావను వేడి చేసి తేవడానికి, ముసలావిడ ఒక్కగానొక్క కూతురు గిన్నె పట్టుకుని వంటింట్లోకి వెళ్లింది.