సుక్రాం చేతి మందు

"ఎత్తెయ్ ఇర్మా! ఎత్తి కొట్టెయ్!"

గోదా చుట్టూ జనం గొంతులు చించుకుంటున్నారు. డోళ్ల మోతకి చెవులు పగిలిపోతున్నాయి. ఇర్మా అప్పటికే సుక్రాంను నడుం పట్టి పైకి లేపాడు. ముసలి వస్తాదు కాళ్లు గాలిలో కొట్టుకుంటున్నాయి. ఒక్క విసురు విసిరితే వీపు మట్టికి తగులుతుంది. అంతటితో అయిపోతుంది.

జమీందారు జాతరలో ఏటా జరిగే కుస్తీ అది. బస్తరు రాజ్యంలో ఆ మూలకి అంతకు మించిన పందెం లేదు. జమీందారు వస్తాదును పడగొట్టినవాడి ఊరికి ఏడాదిపాటు వెట్టి మాఫీ. రోడ్డు పని ఉండదు. దొరల మూటలు మొయ్యక్కర్లేదు. కోతల వేళ చేను వదిలి పోనక్కర్లేదు.

శబరి ఒడ్డున ఉన్న ఇర్మా ఊరు ఆ ఒక్క ఆశతో నిరుటి నుంచి అతణ్ణి మేపింది. తాము గంజి తాగి అతనికి కోడికూర పెట్టారు. టేకు దుంగను ఒక్కడే భుజాన వేసుకుని నడిచే మనిషి. గుమ్మంలోంచి లోపలికి రావాలంటే పక్కకి తిరిగి రావాలి.

సుక్రాం మాత్రం ఇన్నేళ్లలో ఓడిందే లేదు. ఒంట్లో సత్తువ తగ్గినా ఎట్లా నెగ్గుతున్నాడో ఎవరికీ అంతుపట్టదు. అతని చేతిలో ఏదో మందు ఉందని, తాకితే చాలు ఎంతటివాడి చేతులైనా చల్లబడిపోతాయని చెప్పుకునేవారు. ఆ మందుకి విరుగుడుగా ఇర్మా పెళ్లాం ముయె అతని మొలతాడుకి ఓ వేరుముక్క కట్టి పంపింది.

ముందురోజు సాయంత్రం జరిగిన సంగతి ఆమెకి తెలియదు.

సుక్రాం ఒంటరిగా ఇర్మా విడిదికి వచ్చాడు. చేతిలో ఒక దొన్నె, గుప్పెడు ఇప్పపూలు. జగదల్పూరు వైపు మనిషి. వచ్చీరాని తెలుగు.

"రేపు కొట్టుకుంటం. అది దొర కోసం. మన నడుమ పగ ఏంది భాయ్? నాకు ముందెనక ఎవ్వరు లేరు. నన్ను మితాన్ చేసుకుంటవా?"

ఇర్మా గుండె కరిగిపోయింది. మితాన్ అంటే తోడబుట్టినవాడికన్నా ఎక్కువ. అడిగి వచ్చినవాణ్ణి కాదంటే పాపం. ఇద్దరూ ఒకరి చెవిలో ఒకరు ఇప్పపువ్వు పెట్టుకున్నారు. ఒకే దొన్నెలో సారా తాగారు. ఇక చచ్చేదాకా ఒకరి పేరు ఒకరు పలకకూడదు. మితాన్ అనే పిలుచుకోవాలి. మితాన్‌కి కీడు తలపెట్టకూడదు.

"ఎవ్వరికి చెప్పకు," అన్నాడు ముసలివాడు వెళుతూ. "దొర ఇంటే నా ముద్ద పోతది."

గోదా సంగతి వేరు, అది ఆట కదా అని సర్దిచెప్పుకున్నాడు ఇర్మా.

ఇప్పుడు అతని చేతుల్లో వేలాడుతూ ఆ ముసలివాడు చెవి దగ్గర ఒక్క మాట అన్నాడు.

"మితాన్."

ఇర్మా చేతులు చల్లబడ్డాయి. పసిబిడ్డను దించినట్టు మెల్లగా కిందికి దించాడు. ఆ తర్వాత అతను పట్టు పట్టలేదు. మందలోంచి తప్పిపోయిన దున్నలా గోదా అంతా తిరిగాడు. ఎదుటివాడు మీదికొస్తే వెనక్కి జరిగాడు. ఓ కాలు అడ్డం వచ్చింది. వెల్లకిలా పడ్డాడు.

డోళ్లు ఆగిపోయాయి.

"థూ! కోళ్లన్నీ దండగ!" అని ఎవరో అరిచారు. ఇర్మాకి గొంతు గుర్తే. తన మేనమామ లచ్చుది.

ఇంటికొచ్చాక ముయె వేరుముక్క తెంపి పొయ్యిలో పడేసింది.

"ఏమైనయ్ నీ చేతులు? కూటికుండ కాడ మంచిగనే ఆడతయి గదా!"

చెబుదామని నోరు తెరిచాడు. చెబితే ఊరంతా మితాన్‌ని తిట్టిపోస్తుంది. పాపం, ముందెనక ఎవరూ లేని మనిషి. నోరు మూసుకున్నాడు.

కానీ కుదురు పోయింది. కూర్చుంటే ఒళ్లంతా చీమలు పాకినట్టు ఉంటుంది. శబరి దాకా నడిచి, నీళ్లు చూసి, తిరిగి వచ్చేవాడు. మళ్లీ వెళ్లేవాడు. ఇన్నేళ్లలో ఎంతమంది ఓడారో, అందరూ మందు తగిలి ఓడారు. తానొక్కడే తెలిసి తెలిసి ఊరిని ముంచాడు. ఆ మాట లోపల తొలుస్తూనే ఉంది.

కోతల వేళకి వెట్టి కబురు రానే వచ్చింది. చేలల్లో వరి ఒరిగిపోతుంటే ఊరంతా కొంటా రోడ్డు మీద రాళ్లు కొట్టింది. గంప ఎత్తిన ప్రతిసారీ లచ్చు మామ ఇర్మా వైపు చూసి ఉమ్మేవాడు.

పక్క ఊళ్లవాళ్లూ వచ్చారు. వాళ్లలో పొజ్జా ఉన్నాడు. అంతకుముందు ఓ జాతరలో ఇట్లాగే ఊరి ఆశంతా మోసుకుని గోదాలో దిగి, ఇట్లాగే పడ్డవాడు. భుజాలు ఇంకా తలుపు చెక్కల్లా ఉన్నాయి.

ఇర్మా జరిగి అతని పక్కన కూర్చున్నాడు.

"అన్నా, నీకు నిజంగ మందు తగిలిందా? చేతులు ఎట్లయినయ్ అప్పుడు?"

పొజ్జా సుత్తి ఎత్తి రాయి మీద వేశాడు. మళ్లీ వేశాడు. ఆ రాయి ఎప్పుడో పిండి అయిపోయింది.

పని చూసుకునే మున్షీ వచ్చి ఇద్దరి ముందూ నిలబడ్డాడు.

"ఏందిరా, రెండు దున్నలు ఒక్క తానే చేరినయ్! మిమ్మల్ని పండబెట్టిన మొగోని పేరేంది? చెప్పుండ్రి, ఇందాం!"

చుట్టూ నవ్వులు. ఇర్మా తల దించుకున్నాడు. ఆ పేరు తన నోట రాకూడదు. పొజ్జా చెప్పేస్తే గండం గడుస్తుందని అతని వైపు బతిమాలుతున్నట్టు చూశాడు.

పొజ్జా సుత్తి పక్కన పెట్టాడు.

"నేను ఆ పేరు పలకకూడదు మున్షీజీ," అన్నాడు, "ఆయన నాకు మితాన్."