పుస్తకంలో చీటీ

పుస్తకం తెరవగానే లోపల్నుంచి పొడవాటి చీటీ ఒకటి జారి చిగుసా ఒళ్ళో పడింది.

ఆమె దాన్ని తీసి అటూ ఇటూ తిప్పి చూసింది.

పెళ్ళికి ముందు ఒసాకాలో ఆరేళ్ళు పుస్తకాల షాపులో పనిచేసిన మనిషి. ఆ చీటీ సంగతి ఆమెకి తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది? కొత్త పుస్తకం అమ్మేటప్పుడు గల్లా దగ్గర దాన్ని లాగి ఉంచుకుంటారు. చీటీ లోపలే ఉందంటే పుస్తకం గల్లా దాకా రాలేదన్నమాట. ఎవరో చంకలో పెట్టుకుని చల్లగా జారుకున్నారన్నమాట.

అంటే సంతలో ఈ పుస్తకం అమ్మిన కువబారా తాత దొంగా?

నమ్మబుద్ధి కాలేదు. నమ్మకుండా ఉండటమూ చేతకాలేదు.

జర్మనీలోని డ్యూసెల్‌డార్ఫ్‌లో జపాన్ పుస్తకాలు కొనడమంటే మాటలా? జపాన్లో ఎనిమిది యూరోలకి వచ్చేది ఇక్కడ ఇరవై. ఎనిమిదేళ్ళ కూతురు మినోరి చూడబోతే అమ్మ జపనీస్‌లో అడిగినదానికి జర్మన్‌లో జవాబిస్తోంది. పిల్ల తన మాటకే దూరమైపోతోందని చిగుసాకి ఒకటే దిగులు.

అలాంటప్పుడు దొరికాడు తాత. నెలకోసారి చర్చి హాల్లో జపాన్ వాళ్ళు పెట్టుకునే పాత సామాన్ల సంతలో పిల్లల పుస్తకాలు అమ్ముతాడు. ఏదైనా ఒక్క యూరోయే.

షరతు ఒకటుంది. కొనే పిల్ల ఒక పేజీ పైకి చదవాలి.

"చదువు తల్లీ. నాకేం తొందర్లేదు."

మినోరి తడబడుతూ చదువుతుంటే ఆయన కళ్ళు మూసుకుని వినేవాడు.

"ఇంత కొత్తవి ఎక్కడివి తాతగారూ?" అని ఒకసారి అడిగింది చిగుసా.

"సొంతూరు వెళ్ళిపోయేవాళ్ళు వదిలేస్తార్లే" అన్నాడాయన, ఎటో చూస్తూ.

ఆ ఎటో చూడటం ఇప్పుడు గుర్తొచ్చింది.

మూడు రోజులు కొట్టుమిట్టాడింది. చెబితే పెద్దాయన పరువు పోతుంది. చెప్పకపోతే తను దొంగసొత్తు కొన్నట్టవుతుంది. చివరికి సంత నడిపే ఓనుకి గారి చెవిన వేసింది.

"అయ్యో! ఇంకెవరితోనూ అనకండి. నేను చూసుకుంటాగా" అందావిడ.

మరుసటి నెల తాత బల్ల లేదు. ఎందుకు లేదని ఎవరూ అడగలేదు. అలాంటివి అడగకపోవడమే అక్కడి జపాన్ వాళ్ళ మర్యాద.

మినోరి ఒక్కతే అడిగింది, అదీ జర్మన్‌లో. "తాత ఏడీ?"

చిగుసాకి అన్నం సయించలేదు. ఇంట్లో ఉన్న ఒక్క యూరో పుస్తకాలన్నీ సంచిలో వేసుకుని, స్టేషన్ దగ్గరున్న జపాన్ పుస్తకాల షాపుకి వెళ్ళింది. తల దించుకుని, చీటీతో సహా బల్ల మీద పెట్టింది.

"ఇవి మీవే అనుకుంటానండీ. గల్లా దాటకుండా బయటికొచ్చాయి."

షాపావిడ పకపకా నవ్వింది.

"ఆ చీటీలు మేమెప్పుడు లాగాం? జపాన్లో అయితే అచ్చువేసినవాళ్ళకి పంపిస్తారు. ఇక్కణ్ణుంచి ఎవరికి పంపాలి? మా దగ్గర కొన్న పుస్తకాల్లో ఎప్పుడూ చూళ్ళేదా మీరు?"

చిగుసా ముఖం ఎర్రబడింది. అక్కడ ఆమె ఏనాడూ కొన్లేదు.

"అంటే... ఇవన్నీ ఆయన కొన్నవా?"

"ఎవరు, కువబారా గారా? నెలనెలా పది. కుర్రతనంలో ఇక్కడి బొగ్గుగనుల్లో పనికొచ్చి ఉండిపోయాడు. ఆ పింఛను డబ్బులే. ఒక్క యూరో తగ్గించమన్న పాపాన పోలేదు."

చిగుసాకి అంతా అయోమయంగా ఉంది.

"మరి మళ్ళీ అమ్మడమెందుకు? ఊరికే ఇవ్వచ్చుగా?"

"ఊరికే ఇస్తే మీరూరుకుంటారా? మర్నాడే మిఠాయి పెట్టె పట్టుకుని ఆయన గుమ్మంలో నిలబడరూ?"

నిజమే. నిలబడేది. పుస్తకం కంటే ఖరీదైన పెట్టెతో.

"ఆయన ఇల్లెక్కడండీ? వెళ్ళి క్షమించమని అడగాలి."

"ఇంకెక్కడి ఇల్లు! సంతకి రావద్దన్నారట. పోయిన వారం ఖాళీ చేసి హాంబర్గ్‌లో కొడుకు దగ్గరికి వెళ్ళిపోయాడు."

"చిరునామా ఉందా? ఉత్తరమైనా రాస్తాను."

ఆవిడ వెతికి, కాగితం మీద రాసిచ్చింది. చిగుసా దాన్ని రెండు చేతులా అందుకుంది.

"కానీ జర్మన్‌లో రాయండి" అంది షాపావిడ. "ఆయనకి చూపు ఆనదు, చదివి వినిపించాల్సిన కొడుక్కేమో జపనీస్ ఒక్క అక్షరం రాదు."