థామస్ దొరగారు

చరిత లిఫ్టులో ఒక ఉత్తరం పారేసుకుంది.

స్కూల్లో వెనకటి ఇంగ్లీషు దొరలు స్నేహితులకు రాసుకున్న ఉత్తరాల పాఠం చెప్పారు. సరదాపడి తనూ ఒకటి రాసి, కింద "మీ చార్లెస్" అని సంతకం పెట్టింది.

మర్నాడు బిల్డింగ్ నాతూర్, అదే వాచ్‌మన్, బాషా జవాబు తెచ్చిచ్చాడు.

"ప్రియమైన చార్లెస్ దొరగారికి, మీ మిత్రుడు థామస్ రాయునది..."

అక్కణ్ణుంచి వారం వారం ఉత్తరాలే. గల్ఫ్‌లో ఈ ఐన్ ఖాలిద్‌కి వచ్చాక ఒక్క స్నేహితురాలూ లేక మూగబోయిన పిల్ల, అవి చదివి పడీపడీ నవ్వేది.

ప్రతి ఉత్తరం చివరా ఒకటే మాట, "మీ డ్యూక్ గారికి నా నమస్కారాలు."

డ్యూక్ అంటే వాళ్ళ పిల్లి. ఓనరుకు తెలిస్తే ఖాళీ చేయిస్తాడని గుట్టుగా పెంచుతున్నారు. చరిత ఆ ఉత్తరాల్లో తప్ప ఎక్కడా చెప్పలేదు.

పిల్ల నవ్వినప్పుడల్లా తల్లి శకుంతల గుండెల్లో రాయి పడేది.

"ఎవడే వాడు? ఫోటోలేమైనా అడిగాడా?"

"దొరల కాలంలో ఫోటోలెక్కడివమ్మా!"

బాషాను నిలదీసింది.

"చెప్పనని మాటిచ్చినానక్కా. మంచోళ్ళే."

"మంచోళ్ళకి దాక్కునే పనేంటయ్యా?"

కింద ఫ్లాటు షాదాబ్ వాళ్ళమ్మ, తహెరున్నీసా అని ఒకావిడ ఉండేది. కర్నూలు నుంచి కొడుకును చూడ్డానికి వచ్చింది. ఒళ్ళో పుస్తకంతో లిఫ్టు పక్కనే కూర్చునేది.

"పాప బాగుందా మా? నగుతా ఉందా?"

మా పిల్ల నవ్వు ఈవిడకెందుకు? దిష్టి తగులుతుందని శకుంతల కూతుర్ని మెట్ల మీదుగా తీసుకెళ్ళేది.

చివరికి తనే నాలుగు ముక్కలు తెలుగులో రాసి బాషా చేతిలో పెట్టింది.

"అయ్యా, ఆడపిల్ల తల్లిని. ఇంకొక్క ఉత్తరం వస్తే పోలీసులకు చెబుతా."

ఉత్తరాలు ఆగిపోయాయి.

చరిత నవ్వూ ఆగిపోయింది.

నెల తిరిగేసరికి వీసా గడువు అయిపోయి తహెరున్నీసా ఊరికి బయల్దేరింది. కారెక్కబోతూ, కూరగాయల సంచితో వస్తున్న శకుంతల చెయ్యి పట్టుకుంది.

"పోయొస్తా మా. పాపను కోప్పడొద్దు. ఇట్లా భయపడే అమ్మ ఉండేది ఆ పిల్ల అదృష్టం."

"కోప్పడ్డానని మీకెవరు చెప్పారండీ?"

పెద్దావిడ నవ్వుతూ కారెక్కింది.

కారు కదిలింది. గేటు దాటుతుండగా అద్దం దిగింది.

"డ్యూక్ గారికి నా నమస్కారాలు చెప్పు మా!"