ఇంటర్వ్యూ అయిపోయాక

"సైకాలజీలో సీటొచ్చిందమ్మా," అంది కూతురు, ఫోన్ బల్లమీద బోర్లిస్తూ. వేలమంది పోటీపడ్డ సీటు. అయినా పక్కింటివాళ్ల కబురేదో చెబుతున్నట్టుంది తన గొంతు.

"పోనీలే, గట్టెక్కావు," అంది తల్లి. చెయ్యి తుడుచుకుని, కళ్లజోడు పెట్టుకుని, రోజూలాగే ఎదురుగా కుర్చీ లాక్కుంది. ఇంట్లో జరిగిన రిహార్సల్స్ అన్నిట్లోనూ ఇంటర్వ్యూ చేసే మేడమ్ వేషం ఆవిడదే.

"చెప్పండి. సైకాలజీయే ఎందుకు?"

"మా అన్నయ్య ఆత్మహత్య చేసుకున్నాడు. వాడి మనసులో ఏముందో మాకెవరికీ తెలీలేదు." కంఠతా పట్టిన జవాబు అలవాటుగా వచ్చేసింది. మొదట్లో ఈ మాట దగ్గరికొచ్చేసరికి లేచి వెళ్లిపోయేది. చెప్పగా చెప్పగా ఇప్పుడేమీ అనిపించడం లేదు.

"మీ అన్నయ్య ఎలా ఉండేవాడు?"

"నవ్వితే భుజాలు ఊగిపోయేవి..." అంటూనే ఆగిపోయింది. "అమ్మా, సీటు వచ్చేసింది. ఇంకా ఎందుకిదంతా?"

తల్లి కళ్లజోడు తియ్యలేదు.

"తెలుసే. ఇలా కూర్చున్నప్పుడు తప్ప ఈ ఇంట్లో వాడి ఊసు ఎవరెత్తుతున్నారు?"

కూతురు ఫోన్ పక్కకి నెట్టేసింది. తర్వాత కుర్చీ ముందుకు జరుపుకుని, నిటారుగా కూర్చుంది.

"అడగండి మేడమ్," అంది.