రెండో వరుస

“ఏమయ్యా బాయూ, మళ్ళీ చచ్చింది నీ కంప్యూటరు. జనం గుమ్మం దాకా నిలబడ్డారు. వస్తావా, పాత సామాన్లవాడికి వేసెయ్యనా?”

ఫోన్లో బు హార్తిని, అంటే హార్తిని అమ్మగారి గొంతు. సలతిగా అనే ఊళ్ళో గ్రంథాలయానికి ఆవిడే పెద్ద. కంప్యూటర్లు బాగుచేసే బాయు తింటున్న టెంపే ముక్క వదిలేసి స్కూటర్ తీశాడు. మెర్బాబు కొండ మీంచి దిగిన పొగమంచు ఇంకా రోడ్డు మీదే ఉంది.

కౌంటర్ వెనక అక్కడ పనిచేసే అమ్మాయి లారాస్ చేత్తో రాసుకుంటూ పుస్తకాలు ఇస్తోంది. పక్కన తెర బిగుసుకుపోయి ఉంది.

“మళ్ళీ ప్రయోగంలోదే ఎక్కిందండీ,” అన్నాడు బాయు.

తప్పు సగం అతనిదే. కంప్యూటర్‌ను లోపల నుంచి నడిపించే కెర్నెల్‌ను అందులో రెండు రకాలు పెట్టాడు. ఒకటి నిలకడైనది, ఎద్దులా పనిచేస్తుంది. రెండోది ఇంకా ప్రయోగంలో ఉన్నది. వేగం ఎక్కువ, నమ్మకం తక్కువ. సెలవు రోజుల్లో దాన్ని నడిపి చూసి, లోపాలు పట్టుకుని, తయారుచేసేవాళ్ళకు చెప్పడం బాయు సరదా.

ఆన్ చేయగానే రెండు పేర్లూ తెర మీద ఒకదాని కింద ఒకటి వస్తాయి. ఎవరూ ముట్టుకోకపోతే పై వరుసలోని నిలకడైనదే ఎక్కుతుంది. కింది వరుస ఎక్కాలంటే ఎవరో ఒకరు పనిగట్టుకుని బాణం మీట నొక్కాలి. దాని జోలికి వెళ్ళొద్దని బాయు అందరికీ చూపించి మరీ చెప్పాడు.

అయినా వారానికి ఒకసారో రెండుసార్లో అదే ఎక్కుతోంది.

“పొద్దున్నే వచ్చి దీపాలు వేస్తాను, ఫ్యాన్లు వేస్తాను, నీ పెట్టె వేస్తాను,” అంది బు హార్తిని తాళాలగుత్తి ఆడిస్తూ. “ఒక్క ఫ్యానైనా నన్నిలా ఏడిపించిందా? లారాస్, అతనికేం కావాలో చూడు. నేను పైన దుమ్ము దులిపించాలి. ఎదురు కొట్టువాడికి వేడి అల్లం రోందె చెప్పాను. మూడు గిన్నెలు తెస్తాడు, నాది కూడా మీరే తాగెయ్యండి.”

ఆవిడ మెట్లెక్కింది. అల్లం వాసన మెల్లగా గదంతా పాకింది.

“నిలకడైనది, ప్రయోగంలోది,” అంది లారాస్ గిన్నె అందిస్తూ. “మరి మీరే రకం, మాస్ బాయూ?”

“నేనా? నిలకడేనండీ.”

“తెలుస్తూనే ఉంది. ఎప్పుడొచ్చినా అదే చొక్కా.”

అలాంటివి తన దగ్గర మూడున్నాయని చెబుదామనుకున్నాడు బాయు. వంగి వైర్లు సర్దాడు. లారాస్ ముందు అతనికి మాట ఎప్పుడూ ఆ తెరలాగే బిగుసుకుపోతుంది. ఆమెను చూడ్డానికి ఈ ఊళ్ళో అతనికున్న దారి ఈ గ్రంథాలయం ఒక్కటే. అది కూడా కంప్యూటర్ చెడితేనే.

ఆ తర్వాతి వారం మళ్ళీ ఫోన్. ఈసారి బు హార్తిని కౌంటర్ దగ్గర నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడి ఉంది.

“ఇదే ఆఖరు. ఇంకొక్కసారి ఆగిందా, వేరేవాణ్ణి పెట్టుకుంటాను. నువ్విక ఈ గుమ్మం తొక్కక్కర్లేదు,” అనేసి పైకి వెళ్ళిపోయింది.

బాయు మెట్లకేసి ఓసారి చూశాడు. లారాస్ వైపు తిరిగాడు.

“ఒక్క మాట. ఆ కింది వరుస మీరు... మీరేనా నొక్కుతున్నది?”

లారాస్ కళ్ళు పెద్దవయ్యాయి. “నేనా? మీరే ఇంట్లో కూర్చుని ఏదో మాయ చేస్తున్నారనుకున్నాను!”

“నేనెందుకు చేస్తానండీ?”

ఆమె సర్దిన పుస్తకాలనే మళ్ళీ సర్దింది. “ఎందుకో. అలా అనుకుంటే బాగుండేది, అంతే.”

బాయు చెవులు ఎర్రబడ్డాయి. ఏదో అనాలి. “అయితే తీసేస్తానండీ,” అన్నాడు.

“ఏది?”

“ప్రయోగంలోది.”

లారాస్ అతనికేసి ఒక్క క్షణం చూసింది. “తీసెయ్యండి. మీకు నిలకడే ముద్దు కదా,” అని లోపలికి వెళ్ళిపోయింది.

తీసేశాడు. తెర మీద ఇక ఒక్కటే వరుస.

ఆ రోజు నుంచి కంప్యూటర్ గడియారంలా నడిచింది. ఫోన్ రాలేదు. పని నిలబడినందుకు బాయు సంతోషపడాలి. రెండుసార్లు స్కూటర్ మీద గ్రంథాలయం గేటు దాకా వెళ్ళాడు. ఏ పని మీద వచ్చావంటే ఏం చెప్పాలో తెలియక, రెండుసార్లూ ఎదురు కొట్లో ఏదో ఒకటి కొనుక్కుని వెనక్కి వచ్చేశాడు. ఇంట్లో పల్లీచెక్కల పొట్లాలు పేరుకున్నాయి.

ఒకరోజు ఫోన్ మోగింది.

“వెంటనే రా,” అంది బు హార్తిని. “కొంప మునిగింది.”

చెప్పులు సరిగ్గా తొడుక్కోకుండానే పరుగెత్తాడు. పని పోయినట్టే అనుకున్నాడు. రొప్పుతూ కౌంటర్ దగ్గరికి వచ్చేసరికి తెర వెలుగుతోంది. లారాస్ చకచకా పుస్తకాలు ఇస్తోంది. అతన్ని చూసి చటుక్కున తల దించుకుంది. పక్కనే మూడు గిన్నెల రోందె పొగలు కక్కుతోంది.

“బాగానే నడుస్తోంది కదండీ?” అన్నాడు బాయు అయోమయంగా.

“బాగానే నడుస్తోంది. అదే నా ఏడుపు. ఈ పిల్ల రోజూ ఆ గేటు వైపే చూస్తుంది. నువ్వేమో గేటు దాకా వచ్చి పల్లీచెక్కలు కొనుక్కుని పోతావు.”

బు హార్తిని తాళాలగుత్తి బల్ల మీద ఠప్పున పెట్టింది.

“ఆ రెండో వరుస మళ్ళీ పెట్టి తగలడు, అది లేకపోతే పొద్దున్నే వచ్చి నేను దేన్ని నొక్కను?”