నాలుక మీద మచ్చ

డాక్టర్ సలోమి నాలుక మీద మచ్చ ఉందని, ఆమె ‘వద్దు’ అన్న రోగి బతకడని సికింద్రాబాద్‌లో చాలామంది నమ్మకం.

బరువు తగ్గించే ఆపరేషన్‌కు ముందు, రోగి మత్తును తట్టుకోగలడో లేడో తేల్చడం ఆమె పని.

రాణిగంజ్‌లో పంపుల దుకాణం నడిపే విజయేందర్ ఆమె ఎదుట బల్ల మీద కూర్చున్నాడు. కుర్చీ చాలలేదు.

పక్కన భార్య కల్పలత.

“గురక పెడతారా?”

“పెట్టనోడెవడు మేడమ్?” అని నవ్వాడు.

“నిద్రలో ఊపిరి ఆగుతుందా?”

“ఆగుతది మేడమ్. నేనే భుజం తట్టి లేపుత,” అంది కల్పలత.

“నిన్నెవరడిగిన్రు?” అన్నాడు భర్త.

సలోమి కలం పక్కన పెట్టింది.

“ఇప్పుడే ఆపరేషన్ వద్దు. మూడు నెలలు ఊపిరి మిషన్ పెట్టుకుని నిద్రపోండి. సిగరెట్లు మానండి. ఆ తర్వాత మత్తు నేనే ఇస్తాను.”

“దశమికి ముహూర్తం పెట్టించినం మేడమ్,” అన్నాడు విజయేందర్.

“మీ ఊపిరితిత్తులకు దశమి తెలియదండీ.”

ఆమె మాట్లాడినంతసేపూ కల్పలత ఆమె నాలుకనే చూసింది.

వరండాలోకి రాగానే భర్త చెయ్యి పట్టుకుని లాగింది.

“విన్నవా? వద్దని అననే అన్నది! ఇంక ఈడ ఒక్క నిమిషం ఉండొద్దు.”

“మచ్చ కనబడ్డదా?”

“కనబడలే. అడుగున ఉంటదేమో.”

దశమినాడు మరో ఆసుపత్రిలో చేరారు. అక్కడి డాక్టరూ అదే అడిగాడు.

“నిద్రలో ఊపిరి ఆగుతుందా?”

“లేదు సార్,” అంది కల్పలత, భర్త నోరు తెరవకముందే. “పసిపిల్లగాని లెక్క పంటడు.”

ఆ డాక్టరు ‘వద్దు’ అనలేదు.

ఆపరేషన్ చక్కగా జరిగింది. మర్నాడు నిద్రలో విజయేందర్ ఊపిరి ఆగింది.

ఆ గదిలోకి భార్యను రానివ్వలేదు. అక్కడున్నవాళ్ళకు భుజం తట్టాలని తెలియదు.

దినాలు ముగిశాక కల్పలత సలోమి పనిచేసే ఆసుపత్రికి వచ్చింది.

“ఏదీ ఆ మచ్చనాలుకది? నా మొగుణ్ణి మింగింది!”

నర్సు క్యారల్ తల దించుకుంది.

“మేడమ్‌ను పొద్దున్నే ఉద్యోగంలోంచి తీసేశారమ్మా. ఆమె పేరు వింటేనే కొత్త రోగులు పారిపోతున్నారని.”

“మంచిగైంది!”

కల్పలత అక్కడే బెంచీ మీద కూలబడింది. హాలు నిండా జనం. పక్కనున్న సన్నటి మనిషి కొంచెం జరిగి చోటిచ్చాడు.

“సలోమి మేడమ్ ఇంకా రాలేదా అమ్మా?”

“ఆమెతోని నీకేం పని?”

“ఏడాదికోసారి చూపించుకుంట. ఆపరేషనైంది గద.”

“నిన్ను వద్దనలేదా?”

“ఎందుకనలే? వద్దన్నది. ఆగిన. మళ్ళ ఆమెనే దగ్గరుండి చేయించింది.”

అవతలి బెంచీ మీది ఆడమనిషి తల తిప్పింది. “నన్ను సుత వద్దన్నది, అక్కా.”

ఆ హాలులో సలోమి కోసం ఎదురుచూస్తున్న వాళ్ళందరూ ఆమె ఒకప్పుడు ‘వద్దు’ అన్నవాళ్ళే.